కింద నూనె, పైన వరి

నాగాయలంక శివారు
24 ఆగస్టు 2025

వదినా,

వందనాలు. ఫోను ఉండగా ఉత్తరమేమిటి, లీలావతికి మతి పోయిందా అనుకుంటావు. పోలేదు. ఫోను మోగితే మత్తయి స్పీకరు పెడతాడు. నువ్వు ముంబయిలో తుమ్మితే ఇక్కడ పోలయ్య టీకొట్టులో ఆవిరి పట్టమని సలహా ఇస్తారు. ఉత్తరం చదివే ఓపిక మా ఇంట్లో నాకొక్కదానికే ఉంది. కట్టుకున్నవాణ్ణి పేరు పెట్టి రాస్తున్నానని మా అన్నయ్యకి చెప్పకు, నీ మొగుడికి చాదస్తం ఎక్కువ.

సంగతేమిటంటే మా ఊళ్లో నూనె పడింది. అంటే, పడలేదు. పడుతుందేమోనని ఏదో కంపెనీ వాళ్లు లారీలేసుకుని వచ్చి గట్ల వెంట నారింజ రంగు వైర్లు పరిచారు. గుంటలు తీసి మందు పేల్చారు. ఆ చప్పుడికి తన గేదె పాలు సగం చేసిందని అంకమ్మరావు నష్టపరిహారం అడుగుతున్నాడు. అది ఎప్పుడూ ఇచ్చేది ఆ సగమే. ఇంజినీరు అబ్బాయి మా అరుగు మీద బోండాం తాగుతూ, "ఇది షేల్ అండీ, రాతి పొరల్లో నూనె ఇరుక్కుని ఉండొచ్చు" అన్నాడు. అప్పట్నుంచి మత్తయి పొలంలో మెల్లగా అడుగులేస్తున్నాడు, కింద ఏదో పగిలిపోతుందన్నట్టు.

ఇప్పుడు అసలు మాట. నాన్న ఇచ్చిన ఈ రెండెకరాలు ఉప్పెనలో మునిగాయి కదా. మూడేళ్లు గడ్డి కూడా మొలవలేదట. నాన్న కాలవ నీళ్లు పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి ఆ ఉప్పంతా కడిగాడు. ఇప్పుడేమో గుడివాడ నుంచి పిచ్చేశ్వరరావు గారు కారేసుకొచ్చి రొయ్యల చెరువుకి లీజు అడుగుతున్నారు. చెరువంటే ఉప్పునీళ్లే. నాన్న కడిగి పారబోసిన ఉప్పుని మళ్లీ తెచ్చి పోయించుకోవడం నావల్ల కాదు వదినా. మత్తయికి మాత్రం సంతకం ఎప్పుడు పెడదామా అని చెయ్యి దురద.

డిసెంబరులో కోతకి రెండు మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే చేలో మినుములు చల్లుతాం కదా. ఆలోపు తేలాలి. లీజు కుదిరితే మినుములు ఉండవు, పొక్లెయిన్ దిగుతుంది.

నువ్వు ఆఫీసులో చేసేది ఈ పనే అన్నావు. ఏ దేశంలో ఏ రాతిలోంచి నూనె తీస్తే ఎంత గిట్టుతుందో చూడ్డం. మా ఊళ్లో పడుతుందని ఒక్క ముక్క రాసి పంపు. నూనె పడుతుందంటే మత్తయి ఆ నేల మీద పొక్లెయిన్‌ని కాదు కదా, కోడిని కూడా తవ్వనివ్వడు. లంచంగా ఎండు చేపలు పంపుతున్నాను, మెత్తళ్లు.

నీ మరదలు,
లీలావతి


ముంబయి
6 సెప్టెంబరు

మరదలు పిల్లా,

నీ మెత్తళ్లు అందాయి. నాకంటే ముందు మా అపార్టుమెంటు మొత్తానికి అందాయి. లిఫ్టులో చచ్చిన ఎలుక ఉందని మూడో అంతస్తావిడ ఫిర్యాదు రాసింది. మీ అన్నయ్య ఆమెతో కలిసి ఆ ఎలుకని వెతికాడు, రాత్రి దాన్నే టమాటాలో వేసుకుని తిన్నాడు.

అబద్ధం రాయను. అయినా అడిగావు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. ముందే చెప్తున్నా, నేను ఒక్క నూనె బావి కూడా కళ్లతో చూడలేదు. వాటి ఖర్చులు చూశానంతే. పెళ్లి చూడకుండా పెళ్లి ఖర్చు చూసినవాళ్లకే ఆ కుటుంబం సంగతి బాగా తెలుస్తుంది.

రాయి ఎక్కడైనా దాదాపు ఒకటే. కిందికి తవ్వి, అడ్డంగా మలుపు తిప్పి, నీళ్లూ ఇసకా గట్టిగా కొట్టి రాతిని పగలగొడితే నూనె కారుతుంది. తేడా అంతా రాయి బయటే ఉంటుంది. అమెరికాలో టెక్సాసు పడమటి వైపు పెర్మియన్ అని ఒక ప్రాంతం ఉంది. అది గుడివాడ కాలవ మొదట్లో పొలం లాంటిది. ఒకదాని కింద ఒకటి పొరలు, పక్కనే పైపులు, ఇసక, మనుషులు. ఉత్తరాన బాకెన్ అని ఇంకోటి. నూనె మంచిదే, కానీ చలికి పనివాళ్ల గడ్డాల మీద మంచు వేలాడుతుంది, సరుకు అమ్ముకోవాలంటే వేల మైళ్లు పంపాలి. అది మీ శివారు పొలం అనుకో. టెక్సాసులోనే ఈగిల్ ఫోర్డ్ అని మూడోది, అది రేవు పక్కనే ఉంది, అంటే బందరు రోడ్డు పొలం. అర్జెంటీనాలో ఒకటి ఉంది, దాని పేరుకి అర్థం చచ్చిన ఆవు. నవ్వకు, నిజం. రాయి బంగారం, కానీ యంత్రాలు బయట నుంచి రావాలి, పైపులు చాలవు, ఆ దేశం డబ్బు విలువ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఇక పొలం గలవాడి సంగతి. టెక్సాసులో నేల కింద ఉన్నది కూడా సాధారణంగా రైతుదే. వచ్చిన నూనెలో నాలుగో వంతు దాకా అతని చేతిలో పెడతారు.

(రెండో కాయితం చూడు.)

కానీ మన దేశంలో అలా కాదు. నేల కింద నూనె ప్రభుత్వానిది. నీకు వచ్చేది వాళ్లు వాడుకున్న పై నేలకి పరిహారం, పోయిన పంటకి ధర, అంతే. పైగా షేల్ బావి మొదటి ఏడాది పొంగుతుంది, మూడో ఏడాదికి పావు వంతు కూడా ఉండదు. మళ్లీ ఇంకోటి తవ్వాలి. పెర్మియన్‌లో ఒక పీపా నూనెతో పాటు మూడు నాలుగు పీపాల ఉప్పునీళ్లు వస్తాయి, సముద్రం కంటే ఉప్పగా. వాటిని ఎక్కడ పారబోయాలో తెలీక అక్కడివాళ్లు తల పట్టుకుంటున్నారు. నూనె ధర పీపాకి అరవై, అరవై ఐదు డాలర్లు లేకపోతే అంత మంచి చోట కూడా కొత్త బావి గిట్టదు. మీ ఊళ్లో ఎంతకి గిట్టుతుందో ఎవరికీ తెలీదు, ఆ బోండాం అబ్బాయికి అసలు తెలీదు.

ఈసారి లంచం డబ్బాలో పెట్టి, డబ్బాని ఇంకో డబ్బాలో పెట్టి పంపు.

రెబెకా


నాగాయలంక శివారు
5 అక్టోబరు

పెర్మియన్ వదినకి,

నువ్వు తిట్టేలోపు నేనే చెప్పేస్తాను. నీ ఉత్తరం మా చర్చి స్త్రీల సమాజంలో చదివాను. పోయిన వారం ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారి భార్య "ఏమైనా కబుర్లుంటే చెప్పండమ్మా" అంది. చేతిలో ముంబయి నుంచి వచ్చిన ఇంగ్లీషు కంపెనీ కవరు ఉంటే నేను నోరు మూసుకుని కూర్చుంటానా? నిలబడి మొదలెట్టాను. "నాలుగో వంతు దాకా అతని చేతిలో పెడతారు" అనేసరికి అమ్మగారు "స్తోత్రం!" అని కేక పెట్టింది. వెనక వరసలో వాళ్లు చప్పట్లు. మా తోటికోడలు ముఖం చూడాలి నువ్వు, ఆముదం తాగినట్టయింది. ఆ ముఖం చూశాక రెండో కాయితం తీయడానికి నాకు చెయ్యి రాలేదు. మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

సాయంత్రానికి ఊరు రెండయింది. పోలయ్య టీకొట్టు ఎడమ బల్ల మీద కూర్చున్నవాళ్లు మనది పెర్మియన్ అంటున్నారు. కుడి బల్ల వాళ్లు శివారు కాబట్టి బాకెనే అంటున్నారు. బాకెన్ అనడానికి ఇక్కడ ఆ చలి లేదు కదా అంటే, "డిసెంబరులో పొద్దున్నే రండి, తెలుస్తుంది" అన్నాడట అంకమ్మరావు, మఫ్లరు చుట్టుకుని. చచ్చిన ఆవులో ఎవరూ చేరలేదు.

నేననుకున్నది సగం జరిగింది. పిచ్చేశ్వరరావు గారు వస్తే మత్తయి కాలు మీద కాలేసుకుని "చూద్దాం లెండి, తొందరేముంది" అన్నాడు. ముప్పై ఏళ్లలో మత్తయి తొందర లేదనడం అదే మొదలు. నాకు కడుపు నిండిపోయింది. కానీ పిచ్చేశ్వరరావు గారు మామూలు మనిషి కాదు. నూనె కబురు విని ఎకరానికి పదివేలు పెంచారు. వద్దనేకొద్దీ పెంచుతాడని మత్తయికి ఇప్పుడు అర్థమైంది. అంటే నేను లీజు ఆపానా, రేటు పెంచానా? నువ్వే చెప్పాలి, నీకు అదే కదా ఉద్యోగం.

ఉప్పునీళ్ల సంగతి చదివి నవ్వొచ్చింది. ఉప్పునీళ్లే కావాలంటే మాకు సముద్రం లేదా ఏమిటి, రాయి పగలగొట్టడమెందుకు?

డబ్బాలో డబ్బా పెట్టి పంపాను.

నీ పరువు తీసిన మరదలు


ముంబయి
16 అక్టోబరు

ఏమే లీలా,

నీకు సిగ్గుందా? నేను పదిహేనేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరుని నీ తోటికోడలి ముఖం చూడ్డం కోసం తాకట్టు పెట్టావు. పైగా జాకెట్లోనా?

నీ ప్రశ్నకి జవాబు. నువ్వు రేటు పెంచావు. పెర్మియన్‌లో జరిగిందీ ఇదే. పక్కవాడు ఎకరానికి ఎంతిచ్చాడో చూసి దానికంటే ఎక్కువిచ్చారు, కింద ఏముందో తర్వాత చూసుకున్నారు. మన కోత పండుగలో చూడు, ఒకడు గుడికి నిమ్మకాయ ఇస్తాడు, వేలంపాట మొదలవుతుంది, ఇద్దరు మొగాళ్లు మీసాలు తిప్పి దాన్ని వెయ్యి దాకా లాగుతారు. వెయ్యి నిమ్మకాయలో లేదు, పక్కవాడి ముఖంలో ఉంది. గుడికి మేలే, నష్టం లేదు. కంపెనీలు అలాగే పాడి కొన్ని దివాలా తీశాయి. ఈ సంగతి మత్తయి అన్నయ్యకి చదివి వినిపించు.

ఇంకొకటి. మామయ్య ఆ రెండెకరాలు నీ పేరు మీదే రాశారు. పట్టాదారు పాసు పుస్తకంలో ఫొటో నీదే, జడలో కనకాంబరాలతో. నీ సంతకం లేకుండా మత్తయి అన్నయ్య లీజు ఎలా ఇస్తాడు? నువ్వు "ఇవ్వను" అంటే అయిపోయేదానికి టెక్సాసు దాకా ఎందుకు వెళ్లావు? ఇది నాకు అర్థం కాలేదు. జవాబు రాయి.

వచ్చే ఆదివారమే ఆ రెండో కాయితం చదువు. చదివేశావనుకుని నిశ్చింతగా ఉంటాను.

కోపంతో,
రెబెకా


నాగాయలంక శివారు
24 నవంబరు

వదినా,

ఇన్నాళ్లు రాయనందుకు తుపాను ఒక కారణం. పైరు ఒక పక్కకి పడుకుని, సగం లేచింది. ఇంకో కారణం భయం. నువ్వు నిశ్చింతగా ఉన్నావు కదా, ఎందుకు చెడగొట్టడమని.

కాయితం చదవలేదు. నువ్వు చెప్పిన నిమ్మకాయ సంగతి మాత్రం మత్తయికి చదివి వినిపించాను. బుద్ధి వస్తుందని. మత్తయి కాసేపు గడ్డం గోక్కుని, "మీ వదిన తెలివైంది" అన్నాడు. నేను మురిసిపోయాను.

నిన్న కోత పండుగ. గుమ్మడికాయలు, నాటుకోళ్లు, ఒక బస్తా కొత్త బియ్యం, అన్నీ పాట అయ్యాయి. పిచ్చేశ్వరరావు గారిని మత్తయే పిలిచి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పుడు మైకు తీసుకుని, "నా పొలంలో పడబోయే నూనెలో పదో వంతు దేవుడికి ఇస్తున్నాను, పాట పెట్టండి" అన్నాడు. నీ ఉత్తరం నుంచి మత్తయి నేర్చుకున్నది ఇదీ! శామ్యూల్ రాజ్ అయ్యగారు పైకి చూసి, గుడి కప్పు కారుతోందని గుర్తొచ్చి కాబోలు, "వెయ్యి!" అని మొదలెట్టారు.

పెర్మియన్ బల్ల, బాకెన్ బల్ల పోటీ పడి పదివేల దగ్గర అలిసిపోయాయి. పిచ్చేశ్వరరావు గారు నవ్వుతూ ఇరవై అన్నారు. ఆయనకి నూనె అక్కర్లేదు, మత్తయి కావాలి. కానీ మత్తయికి తన నూనె గుడివాడ పోతోందని పౌరుషం వచ్చేసింది. తనే పాడాడు. తన నూనె, తనే పాట! నేను చొక్కా పట్టుకుని లాగాను, చొక్కా నా చేతికొచ్చేలా ఉంది కానీ మనిషి రాలేదు. నలభై ఒక్క వేలకి మూడోసారి కొట్టారు. నిమ్మకాయైతే పులుసులోకైనా వచ్చేది.

పౌరుషం దిగాక ముఖం చూశాను. నలభై ఒక్క వేలు ఇంట్లో లేవు. గుడికి అన్న మాట వెనక్కి తీసుకోడు. భోజనాల దగ్గర పిచ్చేశ్వరరావు గారు మెల్లగా వచ్చి, "లీజు అడ్వాన్సు కాయితాల రోజే ఇచ్చేస్తానండీ, దేవుడి పని కదా" అన్నారు. మత్తయి తలూపాడు. డిసెంబరు ఎనిమిదో తారీకు సోమవారం కాయితాలు. నేను పెట్టిన నూనె మంటలో నా పొలమే కాలుతోంది వదినా. రాత్రి ఏడ్చాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇవ్వను అంటే అయిపోతుందని నీకు తేలిక. ఆ పాసు పుస్తకం బీరువాలో ఉంటుంది, బీరువా తాళం మత్తయి మొలతాడుకి ఉంటుంది. నాట్లకి ఎవరిని పిలవాలి, ఏ విత్తనం చల్లాలి, ఎంతకి అమ్మాలి, ఎప్పుడూ నన్ను ఎవరూ అడగలేదు. నాన్న కూడా రాసి ఇచ్చాడే కానీ ఏం చేస్తావని అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు. నేల కింద నూనె ఉందనడం తేలిక. నా నోట్లో మాట ఉందనడం కష్టం.

నీ లీల


ముంబయి
29 నవంబరు

లీలా,

స్పీడుపోస్టులో పంపుతున్నాను. ఉపన్యాసం లేదు.

నలభై ఒక్క వేలు నేను పంపగలను. పంపను. పంపితే వచ్చే ఏడాది మత్తయి అన్నయ్య గాలి మీద పాట పెడతాడు.

మా ఆఫీసులో వాకబు చేశాను. ఆ వైర్లు కొలతల కోసమే. అలా కొలిచిన చోట్లలో చాలావాటిలో ఎవరూ ఎప్పటికీ తవ్వరు. ఇంకోటి చెప్తాను విను. టెక్సాసులో వేల కోట్ల కంపెనీ కూడా పొలం గలావిడ వరండాలో చెప్పులు విప్పి కూర్చోవాలి. ఆవిడ సంతకం పెట్టేదాకా ఒక్క మేకు దిగదు. నేను ఇన్నేళ్లుగా చూసిన ఖర్చులన్నిటికీ మొదటి వరస అదే, సంతకం. రాయి, నీళ్లు, ఇసక, అన్నీ దాని తర్వాతే.

నువ్వు చిన్నప్పుడు బడిలో పాట పాడమంటే బల్ల కింద దాక్కున్నావని మీ అన్నయ్య చెప్తాడు. బల్ల కిందనుంచే పాడావట, అది కూడా మొత్తం. కాబట్టి నోరు లేదనకు.

ఆ రెండో కాయితం ఇంకా జాకెట్లోనే ఉందా?

రెబెకా


నాగాయలంక శివారు
8 డిసెంబరు, సోమవారం మధ్యాహ్నం

వదినా,

జాకెట్లో లేదు. ఒకసారి ఉతుకులో పడి, బియ్యం డబ్బాలో ఆరి, అప్పడంలా అయింది. అక్షరాలు మాత్రం ఉన్నాయి.

నిన్న ఆరాధనలో సాక్ష్యాల సమయానికి చెయ్యెత్తాను. సాక్ష్యమంటే జ్వరం తగ్గిందనో, కొడుకు పాసయ్యాడనో చెప్పుకుంటారు కదా. అయ్యగారు "చెప్పమ్మా" అన్నారు. దాక్కుందామంటే గుడిలో బల్ల కూడా లేదు. "మా వదిన ఉత్తరంలో నేను దాచిన సగం ఉంది, చదువుతాను" అని మొదలెట్టాను. కింద నూనె ప్రభుత్వానిది అన్న దగ్గర వెనక వరసలో వాళ్లు ముందుకి వంగారు. బావి మూడేళ్లలో ఎండుతుందన్న దగ్గర అంకమ్మరావు మఫ్లరు తీసేశాడు. అతను మన గుడి మనిషి కాదు, నూనె కబురు కోసం వస్తున్నాడు.

చదవడం అయ్యాక కూర్చోవాలి. కూర్చోలేదు. "అయ్యగారూ, మీరు పాట పెట్టిన నూనె మత్తయిది కాదు. తనది కానిది దేవుడికి ఇస్తే దేవుడు పుచ్చుకోడు. ఆ పాట కొట్టేయండి" అన్నాను. మత్తయి లేచాడు, "ఏయ్, కూర్చో, ఇంటికెళ్లి మాట్లాడదాం" అని. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది వదినా, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లు: "కింద ఉన్నది ప్రభుత్వానిది. పైన ఉన్నది నాది. మా నాన్న ఉప్పు కడిగి నా పేరున రాశాడు. నా నేలలో ఉప్పునీళ్లు పెట్టనివ్వను, రేపు సంతకం పెట్టను."

వెనకనుంచి ఎవరో, "మరి మత్తయిదేంటి?" అన్నారు.

"మైకు" అన్నాను.

గుడి పగిలిపోయేలా నవ్వారు. మా తోటికోడలు అందరికంటే గట్టిగా నవ్వింది, ఆ ముఖం నాకు మొదటిసారి ముద్దొచ్చింది. అయ్యగారు నవ్వు ఆపుకుంటూ పాట కొట్టేశారు. బదులుగా రెండు బస్తాల ధాన్యం ఇమ్మన్నారు, కప్పు ఎలాగూ కారుతోంది కదా. ఒప్పుకున్నాను. నేనే ఒప్పుకున్నాను, మత్తయిని అడగలేదు.

పొద్దున పిచ్చేశ్వరరావు గారు కాయితాలతో వచ్చారు. అరుగు మీద నేనే కూర్చున్నాను. "ఆలోచించుకోండమ్మా, రేటు పెంచుతాను" అన్నారు. "పెంచకండి, నాకు బీపీ ఉంది" అన్నాను. కాఫీ ఇచ్చి పంపాను. టీకొట్టులో ఇప్పుడు బల్లలు కలిపేశారు. అందరూ చచ్చిన ఆవే.

మత్తయి నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు, ఒక్క ముక్క లేదు. ఫోను వస్తే స్పీకరు కూడా పెట్టలేదు. ఎంత తిట్టుకున్నా ముప్పై ఏళ్ల మనిషి కదా, నలుగురిలో నవ్వులపాలు చేశాను. సారీ చెప్దామనుకున్నాను, దేనికి చెప్పాలో తెలియలేదు.

పిచ్చేశ్వరరావు గారి కారు వెళ్లిపోయాక నేను చేను చూసుకుందామని గట్టు మీదకి వెళ్లాను. ఎల్లుండి కోత. వరి రంగు తిరిగింది, పడుకున్నది కూడా. వెనక ఎవరో వస్తున్నట్టుంటే చూశాను. మత్తయి. భుజం మీద మినుముల సంచి. గట్టు చివర ఆగిపోయాడు. ఎప్పుడూ ఆగడు వదినా, పంచె ఎగ్గట్టి నేరుగా దిగిపోతాడు. సంచి మూతి విప్పి, గుప్పెడు తీసి, నా వైపు చూడకుండా వరి వైపు చూస్తూ అడిగాడు.

"చల్లనా?"

చల్లమన్నాను.

ఇట్లు,
పట్టాదారు లీలావతి